వియత్నాం సంతల్లో అడిగి తిన్న చిరుతిళ్ళు

వియత్నాం భాషలో ‘బాన్’ అనే మాట ఒకటి ఉన్నది. దానికి సరితూగే తెలుగు మాట మనకు లేదు. ఆవిరిపై ఉడికిన బియ్యపుపిండి ముద్ద బానే, నూనెలో వేగిన నువ్వుల ఉండ బానే, పెనం మీద పలుచగా పోసిన పసుపుపచ్చని అట్టు బానే, ఫ్రెంచివారు నేర్పి పోయిన పొడుగాటి రొట్టె కూడా బానే. పిండితో చేసినదని తప్ప, లోపల ఏమి కూరారో, దేనిలో వేయించారో ఆ మాట చెప్పదు. ఆ దేశపు సంతలో అడుగుపెట్టిన ముస్లిం కుటుంబానికి చిక్కు అక్కడే మొదలవుతుంది.

పూర్వం సైగాన్ అని పిలువబడిన హో చి మిన్ నగరం నుండి మేకాంగ్ నది పాయల ప్రాంతం వరకు పది రోజులు తిరిగిన మేము నలుగురం. మేమిద్దరం, పదేళ్ళ మా అమ్మాయి, అరవై ఎనిమిదేళ్ళ అమ్మీ. బయలుదేరడానికి వారం ముందే అమ్మీ తన పెట్టెలో అటుకులు, ఖర్జూరాలు, వేరుశనగ పొడి, నిమ్మకాయ పచ్చడి సర్దుకున్నారు. “అక్కడ పంది లేని వంటిల్లు ఉండదట. మీరు ఏం తింటారో మీ ఇష్టం, నన్ను మాత్రం బలవంతపెట్టకండి” అని ముందే చెప్పేశారు. ఆమె భయం నిరాధారమైనది కాదు. ఆ దేశంలో అన్నిటికంటే ఎక్కువగా వాడే మాంసం అదే. మాంసంగా కనబడినప్పుడు పెద్ద ఇబ్బంది లేదు, కంటితో చూసి తప్పుకోవచ్చు. కొవ్వుగా కరిగి కనబడకుండా పోయినప్పుడే తంటా.

సైగాన్‌లో చిరుతిళ్ళంటే ఎవరైనా చూపించేది బెన్ థాన్ అంగడి. గడియారం ఉన్న ద్వారంతో 1914లో తెరచిన ఆ కట్టడం నగరానికి గుర్తుగా నిలిచిపోయింది. లోపల పర్యాటకుల రద్దీ, బేరాల గోల. మా అభిప్రాయంలో అసలైన చిరుతిండి ఆ కట్టడం లోపల కాదు, చుట్టుపక్కల సందుల్లో తెల్లవారుజామున దొరుకుతుంది. శంఖు ఆకారపు తాటాకు టోపీ పెట్టుకొని, భుజాన కావడి మోసుకుంటూ ఆడవాళ్ళు వస్తారు. అచ్చం మన కావడే. వెదురుబద్దకు అటొక తట్ట, ఇటొక తట్ట. ఒకదానిలో వేడివేడి తిండి, మరొకదానిలో అరటాకులు, గిన్నెలు, రెండు చిన్న ముక్కాలిపీటలు. కావడి దించిన చోటే అంగడి.

మొదటి ఉదయమే మా అమ్మాయి ఒక తట్ట ముందు ఆగిపోయింది. ఆకుపచ్చ పొర, పసుపుపచ్చ పొర, మళ్ళీ ఆకుపచ్చ పొర. అద్దంలా నిగనిగలాడుతున్న ఆ ముక్కలు చూస్తే ఎవరికైనా నోరూరుతుంది. పేరు అడిగితే ‘బాన్ యా లోన్’ అని చెప్పారు. ఫోనులో అనువాదం చూస్తే వచ్చిన అర్థం ‘పంది తోలు పిండివంట’! అమ్మీ మనవరాలి చేయి పట్టుకొని వెనక్కి లాగారు. అమ్మే పెద్దావిడ మా ముఖాలు చూసి నవ్వి, ఒక పొడుగాటి ఆకును, గుప్పెడు పెసరపప్పును, కొబ్బరిచిప్పను ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి చూపించారు. అంతే, అందులో ఉన్నవి అవే. బియ్యపుపిండి, కర్రపెండలం పిండి కొబ్బరిపాలలో కలిపి, సగానికి పాండాన్ ఆకు పసరు, మిగతా సగానికి ఉడికిన పెసరపప్పు చేర్చి, ఆవిరిపై ఒక పొర గట్టిపడ్డాక మరొక పొర పోస్తూ చేస్తారు. పొరలు పొరలుగా ఉండటం వల్ల ఆ పాడు పేరు వచ్చింది తప్ప, పందికి దానితో ఏ సంబంధమూ లేదు. ‘బాన్ బొ’ అనే మరొక పిండివంట పేరులో ఆవు ఉన్నది, దానిలోనూ ఆవు లేదు.

అదే సందు చివర బొగ్గుల మీద మొక్కజొన్న కంకులు కాలుస్తున్నారు. మొక్కజొన్నలో అనుమానించడానికి ఏముంటుంది? అయితే కంకి కాలాక ఒక చిన్న కుంచెతో పైన ఉల్లికాడల నూనె పూస్తున్నారు. దానిని ‘మో హాన్’ అంటారు. ‘హాన్’ అంటే ఉల్లి, ‘మో’ అంటే కొవ్వు. ఈ రోజుల్లో చాలామంది వంటనూనెతోనే చేస్తున్నా, పాత పద్ధతిలో పంది కొవ్వు కరిగించి చేసేవారూ ఉన్నారు. పంది పేరు పెట్టుకున్న తీపి వంటకం శుభ్రంగా ఉన్నది, పేరులో ఏ దోషమూ లేని మొక్కజొన్న కంకి మీద సందేహం ఉన్నది. ఆ ఉదయం ఈ రెండూ పక్కపక్కనే చూడటం మాకు పది రోజులకూ పనికొచ్చింది.

ఆ దేశం వెళ్ళదలచిన మన పాఠకులు నాలుగు మాటలు నేర్చుకుంటే చాలు. పందిని దక్షిణాన ‘హెయో’ అంటారు, ఉత్తరాన ‘లోన్’ అంటారు. లేదు, వద్దు అనడానికి ‘ఖోంగ్’. ఇక మా ప్రశ్న “మో హాయ్ యౌ?” అన్నది. అనగా, కొవ్వా నూనెనా? వ్యాకరణం ఎలా ఉన్నా, అడిగిన ప్రతి ఒక్కరికీ అర్థమైంది. కొందరు నూనె సీసా ఎత్తి చూపించారు. ఒకామె చేయి అడ్డంగా ఊపి, మా డబ్బు పుచ్చుకోకుండా, రెండు బండ్ల అవతల ఉన్న మరొకరి వద్దకు వెళ్ళమని సైగ చేసింది. అబద్ధం చెప్పి అమ్ముకోవడం ఆమెకు ఎంత తేలికో ఆలోచించండి. మరొక సంగతి. అక్కడ అమ్మేవారిని పిలవాలంటే “చీ ఓయ్” అనాలి. ‘చీ’ అంటే అక్క, ‘ఓయ్’ అన్నది మర్యాదైన పిలుపు. ఈ రెండు ముక్కలూ కలిపి మన ఊళ్ళో అంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అమ్మీ చివరి రోజు వరకూ ఆ మాట నోట పలకలేదు.

తెల్లవారుజాము తిళ్ళలో మాకు బాగా నచ్చినది ‘సోయ్’. బంక బియ్యాన్ని నానబెట్టి, నీళ్ళలో కాక ఆవిరిపై వండి, అరటాకులో పొట్లం కట్టి ఇస్తారు. పెసరపప్పు కలిపితే పసుపు రంగు, గాక్ అనే పండు గుజ్జు కలిపితే ఎరుపు, ఒక రకం ఆకు రసంతో ఊదా రంగు. పైన పచ్చి కొబ్బరి కోరు, దంచిన నువ్వులు, చక్కెర, చిటికెడు ఉప్పు. పొట్లం పదిహేను వేల డోంగులు, మన లెక్కలో యాభై రూపాయలు. అయితే ఇది తీపి సోయ్ సంగతి. ఉప్పు సోయ్ అడిగితే దాని మీద పంది సాసేజీ ముక్కలు పడతాయి. ‘చె’ అనే చల్లని పాయసాలలో పప్పులు, కొబ్బరిపాలు, వణికే రంగురంగుల ముక్కలు ఉంటాయి. జెల్లీ కనబడగానే జంతువుల ఎముకల జెలటిన్ అనుకుంటాం గానీ, అక్కడి సంప్రదాయం సముద్రపు నాచుతో చేసే అగర్‌ది, నల్లనిదైతే ఒక మూలిక రసానిది. కప్పుల్లో మూసి అమ్మే కర్మాగారపు సరుకైతే మాత్రం అట్ట మీద చదవవలసిందే. అటువంటి తీపి తట్టల్లోనే తెల్లని అన్నపు ఉండలు పాకంలో తేలుతూ కనబడతాయి, వాటి పేరు ‘కోమ్ రియవ్’. చూడటానికి మన పాలతాలికల వలె అమాయకంగా ఉంటాయి. అవి పులియబెట్టి మత్తు పుట్టించిన అన్నం. పేరులోని ‘రియవ్’ అంటే సారాయి.

మూడవ రోజున నగరం వీధులు ఉన్నట్టుండి మారిపోయాయి. నిన్నటి వరకు పంది మాంసం కాల్చిన బండ్ల మీద పసుపుపచ్చ కాగితం అంటించి ‘చాయ్’ అని రాశారు. మన ఇళ్ళలో చాయ్ అంటే ఏమిటో చెప్పాలా! అమ్మీ ముఖం వికసించింది. తీరా చూస్తే అక్కడ టీ లేదు. వియత్నాం ‘చాయ్’ అంటే శాకాహారం. చాంద్రమాన మాసంలో మొదటి రోజున, పదిహేనవ రోజున మాంసం మానడం అక్కడి బౌద్ధ కుటుంబాల ఆచారం. ఆ రెండు రోజుల్లో ఊరంతా చాయ్ బండ్లు వెలుస్తాయి. కొవ్వు ఉండదు, చేపల నుండి తీసే ‘నుఓక్ మామ్’ అనే పులుసు కూడా ఉండదు, దానికి బదులు సోయా పులుసు వాడతారు. కూర్చొని నిశ్చింతగా తినగల రోజు అది. ఒక్కటే విడ్డూరం. సోయాతో, గోధుమ బంకతో పంది మాంసం ముక్కల ఆకారాలే చేసి పెడతారు. “మానుకున్నదాన్ని మళ్ళీ బొమ్మ చేసుకొని తినడమెందుకో” అని అమ్మీ గొణిగారు. ఆ విషయంలో మేమూ ఆమె పక్షమే. పుట్టగొడుగులు, బెండకాయలు, వేయించిన సోయా పనీరు ముక్కలు ఉండగా ఆ బొమ్మల అవసరం మాకు కనబడలేదు.

ఆ పదిహేనవ రోజు వారిది, మనకు హిజ్రీ నెల పద్నాలుగు. రెండు లెక్కలూ చంద్రునివే అయినా, వారు అమావాస్య నుండి లెక్కిస్తారు, మనం నెలవంక కనబడ్డాక. నెలలో పదమూడు, పద్నాలుగు, పదిహేను తేదీల నఫిల్ ఉపవాసాలు అమ్మీకి ఏళ్ళ తరబడి అలవాటు. ప్రయాణంలో వద్దన్నా వినలేదు. ముందు రోజు మగ్రిబ్ వేళకు హోటలు గదిలో ఖర్జూరం, అటుకులతో సరిపెట్టుకున్నారు. ఆ రోజు సాయంత్రం మేము ఆమెను ఒక చాయ్ బండి వద్దకు తీసుకువెళ్ళాము. పిల్ల ఆకలితో తినేస్తున్నది, అమ్మీ ముందు మాత్రం సోయ్ పొట్లం, గిన్నెడు పెసర చె అలాగే ఉన్నాయి. ఆమె గడియారం చూస్తూ కూర్చున్నారు. బండి ఆమెకు అది నచ్చలేదేమోనన్న అనుమానం వచ్చింది. మేము ఆకాశం వైపు, గడియారం వైపు చూపించి ఏదో చెప్పబోయాము. ఆమె తల మీది దుపట్టా చూసి, ఒక్క క్షణం ఆలోచించి, “చాయ్?” అని అడిగింది. వియత్నాంలో రమజాన్‌ను ‘చాయ్ నెల’ అంటారని మాకు తర్వాత తెలిసింది. ఉపవాసానికీ శాకాహారానికీ వారికి మాట ఒకటే. అమ్మీ తల ఊపారు. ఆమె గబగబా ఒక గ్లాసు మంచినీళ్ళు తెచ్చి ఖర్జూరం పక్కన పెట్టి, మరో బేరం వస్తున్నా ఆ బల్ల మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఆరు దాటాక అమ్మీ బిస్మిల్లాహ్ అని ఖర్జూరం నోట వేసుకొని, నీళ్ళు తాగి, ఆ తర్వాత సోయ్ పొట్లం విప్పారు. బయటి వంట తినడం ఆమెకు ఆ ప్రయాణంలో అదే మొదలు. ఏమీ అనలేదు. తిన్నారు, అరటాకు మడిచి పెట్టారు.

మర్నాడు జుమా. నగరం నడిబొడ్డున డోంగ్ జు వీధిలో, ఎత్తైన హోటళ్ళ నడుమ ఉన్న మస్జిద్‌లో నమాజు చేశాము. దానిని 1935లో నిర్మించినవారు దక్షిణ భారత ముస్లిం వర్తకులు. ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న పుదుచ్చేరి, కారైకాల్ రేవుల నుండి ఎందరో తమిళ ముస్లింలు సైగాన్ చేరి వ్యాపారాలు చేశారు. ఆ ఫ్రెంచి భారతంలో మన యానాం కూడా ఒక ముక్క. వారి కుటుంబాలు చాలావరకు వెళ్ళిపోయాయి గానీ, వారి కూర పొడి ఉండిపోయింది. ఇప్పటికీ సైగాన్‌లో ‘కారీ’ అంటే కొబ్బరిపాలతో చేసిన పసుపుపచ్చని పులుసు, దానిలో ముంచుకోవడానికి ఫ్రెంచి రొట్టె. హలాల్ హోటళ్ళు బెన్ థాన్ పడమటి వైపు వీధిలోనూ వరుసగా ఉన్నాయి. అక్కడికి మలేషియా యాత్రికులు ఎక్కువగా వస్తారు కాబట్టి ధరలు కూడా వారి జేబులకు తగినట్టే ఉంటాయి.

హోటలు కంటే మాకు మేలనిపించినది, కాలువ దాటాక 8వ జిల్లాగా అందరూ ఎరిగిన ప్రాంతంలోని ఒక ఇరుకు సందు. అక్కడ మస్జిద్ చుట్టూ చామ్ ముస్లింల ఇళ్ళు. చామ్ ప్రజలు మధ్య వియత్నాంలో శతాబ్దాల పాటు వెలసిన చంపా రాజ్యపు వారసులు. 1471లో వారి విజయ నగరం పడిపోయిన తర్వాత చాలామంది కంబోడియాకు, అటునుండి మేకాంగ్ పాయల ప్రాంతానికి చేరారు. అక్కడి వారు సున్నీలు, షాఫయీ మస్లక్‌వారు. యుద్ధ కాలంలో, 1960ల్లో, వారిలో కొన్ని కుటుంబాలు పని వెతుక్కుంటూ సైగాన్ వచ్చి ఈ సందులో స్థిరపడ్డాయి. ఉదయం సందంతా సంతే. గుంటల పెనంలో పోసే ‘బాన్ ఖోత్’ చూసి మా అమ్మాయి “పొంగణాలు!” అని అరిచింది. అవును, అవే. అదే పెనం, అదే చిటపట, అంచులు కరకర, నడుమ మెత్తన. అయితే పిండిలో కొబ్బరిపాలు, పసుపు, ప్రతి గుంటలో ఒక రొయ్య. రొయ్య విషయంలో మన హనఫీ ఇళ్ళలో రెండు అభిప్రాయాలున్నాయి. షాఫయీలైన వారికి ఆ చర్చ లేదు. అమ్మీ రొయ్య తీసి మనవరాలికి ఇచ్చి, తక్కినది తిన్నారు.

“ఇది కాదు, మా ఊరు వెళ్ళి తినండి” అని ఆ సందులోని ఒకాయన చెప్పారు. ఆ ఊరు కంబోడియా సరిహద్దున, అన్ జాంగ్ రాష్ట్రంలోని చౌ డోక్. సైగాన్ నుండి 240 కిలోమీటర్లు, బస్సులో ఆరు గంటలు. దారి పొడవునా వరిచేలు. చౌ డోక్ దగ్గరపడే కొద్దీ ఆ చేలగట్ల మీద కనబడినవి మమ్మల్ని కిటికీకి అంటుకుపోయేలా చేశాయి. తాటిచెట్లు! కొబ్బరి కాదు, పోక కాదు, మన తాటిచెట్లే. ఖ్మేర్ మాట నుండి వచ్చిన ‘థోత్ నోత్’ అన్న పేరు వాటికి అక్కడ. వెదురు నిచ్చెన కట్టి పైకి ఎక్కి, గెలకు కోత పెట్టి, కింద గొట్టం వేలాడదీసి తెల్లవారేసరికి రసం దించుతారు. ఆలస్యమైతే కల్లవుతుంది, అందుకని వెంటనే పెద్ద మూకుళ్ళలో కాచి బెల్లం చేస్తారు. గుండ్రని బిళ్ళలుగా పోసి, వరుసగా పేర్చి, తాటాకుతో చుట్టి అమ్ముతారు. చౌ డోక్ అంగట్లో ముంజలు కూడా ఉన్నాయి, పాకంలో వేసి ఐసు ముక్కలతో ఇస్తారు. అమ్మీకి ముంజను పాకంలో వేయడం సుతరామూ నచ్చలేదు. వేలితో పొడిచి తినవలసిన దానిని అలా చెంచాతో తినడమేమిటని ఆమె వాదన.

హౌ నది దాటితే అవతలి ఒడ్డున చామ్ పల్లెలు, ముబారక్ మస్జిద్. వరద వచ్చినా నీళ్ళు అందకుండా ఇళ్ళను ఎత్తైన కర్ర స్తంభాల మీద కట్టుకున్నారు. ఆ ఇళ్ళ నీడలోనే మగ్గాలు, పిల్లల ఆటలు, పొయ్యిలు. ఒక ఇంటి ముందు తీగ మీద ఎర్రని గొట్టాల వంటివి ఎండలో వేలాడుతున్నాయి. సైగాన్‌లో సాసేజీ చూడగానే తల తిప్పుకోవడం అలవాటైన మేము తల తిప్పుకున్నాము. ఇంటి ఆమె నవ్వి సలాం చెప్పి, “తుంగ్ లో మో” అన్నది. చామ్ భాషలో ‘తుంగ్’ అంటే పేగు, ‘లమో’ అంటే ఆవు. జిబహ్ చేసిన పశువు మాంసం, దాని కొవ్వు, కొంచెం అన్నం, మసాలా కలిపి, శుభ్రం చేసిన పేగులో కూరి రెండు మూడు రోజులు ఎండబెడతారు. అన్నం వల్ల చిరు పులుపు పుడుతుంది. బొగ్గుల మీద కాల్చి, ముక్కలు కోసి, పచ్చి ఆకులతో తింటారు. చుట్టూ ఉన్న దేశమంతా పందితో చేసుకునే తిండిని ఈ చిన్న సమూహం తమ ధర్మానికి తగినట్టు మలచుకున్నది. ఇప్పుడు దానిని కొనడానికి ముస్లిమేతరులు కూడా నది దాటి వస్తున్నారు.

ఆ ఇంట్లోనే మాకు తాటి ‘బాన్ బొ’ పెట్టారు. బియ్యపుపిండి, తాటిబెల్లం, పండిన తాటిపండు గుజ్జు, కొబ్బరిపాలు. గుజ్జు వల్లనే ఆ బంగారు రంగు, ఆ వాసన. ఆవిరికి ఉబ్బి లోపల తేనెపట్టులా గుల్లగుల్లగా ఉంటుంది. పిండిని పొంగించడానికి కొందరు ఇందాక చెప్పిన మత్తు అన్నాన్నే వాడతారని తెలిసి ఉండటంతో, సైగలతో దాని సంగతీ అడిగాము. ఆమె లోపలికి వెళ్ళి ఈస్ట్ పొట్లం తెచ్చి చూపించింది.

అమ్మీ ఒక ముక్క నోట్లో పెట్టుకొని, కళ్ళు మూసుకొని, “తాటి రొట్టె” అన్నారు. మూడు తిన్నారు. తర్వాత ఇద్దరు ఆడవాళ్ళూ పొయ్యి దగ్గర కూర్చొని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఒకరిది తెలుగు, మరొకరిది చామ్. పండును ఎలా పిండాలో, పీచు ఎలా తీయాలో, మన దగ్గర ఆ గుజ్జుతో గారెలు కూడా వేస్తామని అమ్మీ చేతులతో చెబుతున్నారు. ఆమె ఎండబెట్టి దాచిన గుజ్జు పొడి డబ్బా తెచ్చి వాసన చూడమన్నది. మా వద్ద పండు ఆగస్టులో రాలుతుందని అమ్మీ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టి చూపించారు. లెక్క ఎనిమిదో వేలు దగ్గర ఉండగా అజాన్ వినబడింది. షాఫయీ వారి అసర్ మనకంటే ముందు. అమ్మీ గడియారం చూసి ఆశ్చర్యపోయారు. ఆ ఇంటామె అప్పటికే లేచి, నీళ్ళ చెంబు తెచ్చి వుజూ కోసం ఆమె చేతికి అందిస్తున్నది.